బ్లాక్‌లో పడిన నంబరును బయటికి తీయడం ఎలా?

పోయిన ఏడాది మామిడికాయలు దిగే రోజుల్లో, పాకాల దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మకు తిరుపతిలో కంటి ఆపరేషన్ తేదీ ఖాయం కావలసి ఉండింది. ఆస్పత్రివాళ్లు ఫోన్ చేసి చెబుతామన్నారని ఆమె నాలుగు రోజులు ఫోన్‌ను పక్కన పెట్టుకునే పడుకుంది, పక్కన పెట్టుకునే వంట చేసింది. అది మాత్రం మోగలేదు. ఐదో రోజు నేను ఆస్పత్రికి వెళ్లి అడిగితే, మూడు సార్లు చేశామని, ప్రతిసారీ బిజీ అని వచ్చిందని, చివరికి ఆ తేదీని మరొకరికి ఇచ్చేశామని రిజిస్టరు తిప్పి చూపించారు. వాళ్లు చేసినది 0877తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరు నుంచి. అది పెద్దమ్మ ఫోన్‌లో బ్లాక్ జాబితాలో ఉంది. నంబరును బ్లాక్‌లో పెట్టడం ఎలాగో కూడా ఆమెకు తెలియదు. అంతకుముందు వారం వాళ్లతో మాట్లాడి ఫోన్‌ను చెవి దగ్గరి నుంచి తీసేటప్పుడు, తెర మీద తేలిన చిన్న పెట్టెలోని ఎర్ర మీటను ఆమె బొటనవేలు తాకి ఉంటుంది.

అప్పటి నుంచి మా బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా పెద్దవాళ్ల ఫోన్లలో ఈ జాబితాను అడిగి చూస్తున్నాను, చూసిన చాలా ఫోన్లలో ఉండకూడని నంబరు ఒకటైనా కనిపించింది. నంబరును బ్లాక్ నుంచి తీయడం ఒక్క నిమిషం పని. అయినా చాలామంది తీశామనుకున్నాక కూడా ఫోన్ కలవదు, ఎందుకంటే ఒకే నంబరు ఒకే ఫోన్‌లో మూడు నాలుగు చోట్ల ఆగిపోవచ్చు: ఫోన్‌కు చెందిన సొంత జాబితాలో, కాల్ చేసినవారి పేరు చూపించే యాప్‌లో, వాట్సాప్‌లో, ఒక్కోసారి సిమ్ స్థాయిలో. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒక చోట తీస్తే మరో చోట దానంతట అది పోదు కనుక అన్నింటినీ వరుసగా చూసుకోవాలి.

ముందు అది బ్లాకేనా అని తేల్చుకోండి

మీకు ఫోన్ చేస్తున్నవారిని వాళ్లకు ఏం వినిపిస్తోందో అడగండి. ప్రతిసారీ ఒక రింగు వచ్చీరాకముందే కట్ అవుతోందన్నా, ఏ వేళలో చేసినా బిజీ అనే వస్తోందన్నా బ్లాక్ అయి ఉండే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత ఇంట్లో ఉన్న మరో ఫోన్ నుంచి మీ నంబరుకు చేసి చూడండి. అది మామూలుగా మోగి, వాళ్లది మాత్రమే మోగకపోతే ఆ ఒక్క నంబరు ఎక్కడో ఆగిపోతోందని అర్థం. ఏ నంబరు నుంచి చేసినా మోగకపోతే సమస్య వేరు, దాని సంగతి చివర చెబుతాను.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. నంబరును పేరుతో సేవ్ చేసుకున్నంత మాత్రాన బ్లాక్ పోదు. మా చిన్నాన్న ఆరు నెలలపాటు ఇదే నమ్మకంతో ఉన్నాడు. పాల కేంద్రం అబ్బాయి నంబరును పేరు పెట్టి సేవ్ చేసుకున్నాడు, అయినా ఆ అబ్బాయి ఫోన్ ఒక్కసారీ రాలేదు. అలాగే కాంటాక్టును తుడిచేసినా ఆ నంబరు జాబితాలో అలాగే మిగిలి ఉంటుంది.

ఫోన్‌లో ఉన్న జాబితా

మన దగ్గర వాడే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి గూగుల్ వారి ఫోన్ యాప్ ఉంటుంది. దాన్ని తెరిచి, పై మూలలో కనిపించే మూడు చుక్కలను నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. కొన్ని కొత్త వెర్షన్లలో చుక్కలకు బదులు మూడు గీతలు ఉంటాయి. అక్కడ ‘బ్లాక్డ్ నంబర్స్’ అనే వరుస ఉంటుంది, ఫోన్ భాష తెలుగులో పెట్టుకున్నవారికి అదే అర్థం వచ్చే తెలుగు మాట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఇప్పటివరకు ఆపిన నంబర్లన్నీ ఒకదాని కింద ఒకటి వస్తాయి. కావలసిన నంబరు పక్కన ఉన్న గుణకారపు గుర్తును నొక్కి, అడిగిన ప్రశ్నకు ‘అన్‌బ్లాక్’ అని సమాధానం ఇస్తే ఆ నంబరు జాబితాలో నుంచి పోతుంది.

శామ్‌సంగ్ ఫోన్లలో దారి ఇంచుమించు ఇదే: ఫోన్ యాప్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ఆపైన ‘బ్లాక్ నంబర్స్’. ఇక్కడ మాత్రం నంబరు పక్కన ఎర్రని తీసివేత గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కాలి. పాత రెడ్‌మీ ఫోన్లలో ఆ సంస్థ సొంత డయలర్ ఉండేది, వాటిలో ఈ జాబితాకు ‘బ్లాక్‌లిస్ట్’ అని పేరు. ఒప్పో, వివో, రియల్‌మీ ఫోన్లలో మోడల్‌ను బట్టి మాటలు మారుతుంటాయి కాబట్టి దారి దొరక్కపోతే వెతుక్కుంటూ కూర్చోకుండా, ఫోన్ సెట్టింగ్స్ పైభాగాన ఉండే వెతికే గడిలో ‘బ్లాక్’ అని టైపు చేయండి. చాలా ఫోన్లలో సరైన చోటు అక్కడే బయటపడుతుంది.

ఐఫోన్ వాడేవారు సెట్టింగ్స్‌లో ఫోన్ అనే విభాగాన్ని తెరిచి, బాగా కిందికి వెళ్లి ‘బ్లాక్డ్ కాంటాక్ట్స్’ను నొక్కాలి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18లో ఆ ఫోన్ విభాగాన్ని ‘యాప్స్’ లోపలికి మార్చారు, అందువల్ల అందులో ముందు యాప్స్‌ను తెరవాలి; ఇంకా కొత్త వెర్షన్లలో ఈ చోటు మళ్లీ మారి ఉండవచ్చు. నంబరును ఎడమ వైపుకు జరిపితే అన్‌బ్లాక్ మీట కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఒక మేలు ఉంది: కాల్స్‌కు, మెసేజీలకు, ఫేస్‌టైమ్‌కు ఒకే జాబితా కనుక ఒకసారి తీస్తే అన్నింటికీ తీసినట్టే.

ఆండ్రాయిడ్‌లో కూడా 2016లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు ఉమ్మడిగా పనిచేసే బ్లాక్ జాబితా ఒకటి ఉంది. అయినా గూగుల్ మెసేజెస్ వాడేవారు ఒకసారి ఆ యాప్ మెనూలో ‘స్పామ్ అండ్ బ్లాక్డ్’ అనే అరను కూడా తెరిచి చూడటం మంచిది. పాత సంభాషణ అందులోకి జరిగి ఉంటే, దాన్ని తెరిచి అన్‌బ్లాక్ నొక్కినప్పుడు అది తిరిగి మామూలు ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది.

ఏది ఎవరి నంబరు?

అసలు కష్టం ఇక్కడ ఉంది. జాబితా తెరవగానే చాలావరకు పేర్లు ఉండవు, పది అంకెల వరుసలే ఉంటాయి. పెద్దమ్మ ఫోన్‌లో అలాంటివి ఇరవై ఏడు. అన్నింటినీ ఒక్కసారిగా తీసేద్దామని నాకూ అనిపించింది, కానీ అది తప్పు. అందులో నిజంగా ఆగవలసిన నంబర్లు కూడా ఉంటాయి.

మేమిద్దరం ఆ సాయంత్రం వాకిట్లో అరుగు మీద కూర్చున్నాం. ముందు నేను జాబితా మొత్తాన్ని స్క్రీన్‌షాట్ తీసుకున్నాను; పొరపాటున తీసేస్తే మళ్లీ చేర్చుకోవడానికి అది ఉండాలి, మీరూ తప్పక తీసుకోండి, లేదా కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక్కొక్క నంబరునూ నేను చదువుతుంటే ఆమె వింటూ వచ్చింది. పదకొండో నంబరు చివరి నాలుగు అంకెలు చదవగానే “ఒరే, అది మన రమణయ్య మామ కొడుకుదిరా, బెంగళూరులో రెండో సిమ్ము తీసుకున్యాడు గదా” అని లేచి కూర్చుంది. మేనల్లుడు ఫోన్ చేయడం మానేశాడని ఆమె అప్పటికి మూడు నెలలుగా లోపల బాధపడుతోందట. అతనేమో అత్తకు తన మీద కోపమని అనుకుంటున్నాడు. ఆ జాబితాలో గ్యాస్ బండ తెచ్చే అతని నంబరు కూడా దొరికింది.

గుర్తుపట్టలేని నంబర్లకు కొన్ని ఉపాయాలు ఉన్నాయి. నంబరు చివరి ఐదు అంకెలను మెసేజీల్లో, వాట్సాప్‌లో వెతికే గడిలో కొట్టి చూస్తే పాత సంభాషణ దొరకవచ్చు. కాల్ హిస్టరీలో ఆ నంబరుతో ఏ రోజు, ఎంతసేపు మాట్లాడారో కనబడితే సగం చిక్కు విడిపోతుంది. పది నిమిషాలు మాట్లాడిన నంబరు ప్రచార కాల్ అయ్యే అవకాశం తక్కువ. యూపీఐ యాప్‌లో డబ్బు పంపే చోట ఆ మొబైల్ నంబరును కొడితే, దానికి బ్యాంకు ఖాతా జతచేసి ఉన్నప్పుడు ఖాతాదారు పేరు కనిపిస్తుంది. పేరు చూసి వెనక్కి వచ్చేయండి, అంతకుమించి ఏ మీటా నొక్కవద్దు.

నంబరు మొదటి అంకెలు కూడా చాలా చెబుతాయి. 0877 అంటే తిరుపతి ల్యాండ్‌లైన్, 08572 అంటే చిత్తూరు; కొన్ని ఫోన్లలో ముందున్న సున్నా పోయి +91 877 అని కనిపిస్తుంది, దాన్ని చూసి ఇదేదో పరదేశపు నంబరని భయపడి బ్లాక్ చేసినవారు ఉన్నారు. ఆస్పత్రులు, కాలేజీలు, ప్రభుత్వ కార్యాలయాలు ఇప్పటికీ ఈ ల్యాండ్‌లైన్ల నుంచే చేస్తుంటాయి కనుక ఇలాంటివాటిని ముందుగా తీయండి. 140తో మొదలయ్యేవి వ్యాపార ప్రచార కాల్స్‌కు కేటాయించిన నంబర్లు, అవి బ్లాక్‌లో ఉన్నా నష్టం లేదు. 160తో మొదలయ్యే వరుస వేరు. బ్యాంకులు, బీమా సంస్థలు, ప్రభుత్వ విభాగాలు తమ ఖాతాదారులకు సేవల విషయమై చేసే కాల్స్ కోసం 2024లో టెలికాం శాఖ ఈ వరుసను కేటాయించింది. ఈ రెండింటికీ తేడా తెలియక రెండింటినీ కలిపి బ్లాక్‌లో పడేస్తున్నవారు చాలామంది.

ఏ నంబరును ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఫోన్ ఎవరిదో వారే నిర్ణయించాలి. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. ఇంట్లో ఆడపిల్లల ఫోన్ తీసుకుని, తెలిసిన బంధువు నంబరే కదా అని వాళ్లను అడగకుండా అన్‌బ్లాక్ చేయకండి. ఆ నంబరును ఎందుకు ఆపుకున్నారో వాళ్లకు తెలుసు, కారణం చెప్పవలసిన అవసరం కూడా వాళ్లకు లేదు. పోలీసులమనీ, కొరియర్ పార్సెల్‌లో ఏదో దొరికిందనీ, డిజిటల్ అరెస్ట్ అనీ బెదిరించినవాళ్ల నంబర్లు బ్లాక్‌లోనే ఉండాలి. వాటి మీద టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని చక్షు విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.

పేరు చూపించే యాప్‌లు, వాట్సాప్

ఫోన్‌లోని జాబితాలో నంబరు కనబడకపోయినా, అక్కడ తీశాక కూడా కాల్ రాకపోయినా, తర్వాత చూడవలసింది ట్రూకాలర్ లాంటి యాప్. దానికి తన సొంత బ్లాక్ జాబితా ఉంటుంది. యాప్‌లో బ్లాకింగ్‌కు సంబంధించిన విభాగాన్ని తెరిచి మీరు ఆపిన నంబర్ల జాబితాను చూసి, నంబరు పక్కనున్న గుర్తును నొక్కి తీయండి. అక్కడితో ఆగవద్దు. ఈ యాప్‌లో ఒక్కొక్క నంబరునే కాక, ఫలానా అంకెలతో మొదలయ్యే నంబర్లన్నీ రాకూడదని వరుస మొత్తాన్ని ఆపే వీలు కూడా ఉంది. లోన్ ఇస్తామనీ ప్లాటు కొనమనీ విసిగించే కాల్స్‌తో వేసారి, ఎవరో చెప్పిన ఉపాయంతో 0877 వరుసను మొత్తం ఆపేసుకున్న ఒక మామిడి రైతును నేను చూశాను. ఆయనకు తిరుపతిలోని ఏ ల్యాండ్‌లైన్ నుంచీ ఫోన్ వచ్చే దారి లేదు, తోటలో కాయ కోసి పెట్టుకుని కబురు కోసం చూస్తున్నాడు. కాబట్టి మీ జాబితాలో పది అంకెలకు బదులు మూడు నాలుగు అంకెలే ఉన్న వరుస కనబడితే, అది 140 కాకపోతే, దాన్ని ముందుగా తీసేయండి.

స్పామ్ అని ఇతరులు ఎక్కువగా ఫిర్యాదు చేసిన నంబర్లను తనంతట తానే ఆపే ఏర్పాటు కూడా ఆ యాప్‌లో ఉంటుంది. రోజుకు ఎంతోమందికి ఫోన్ చేసే డెలివరీ కుర్రాళ్ల నంబర్లు, ఆస్పత్రి కౌంటర్ల నంబర్లు ఇలా స్పామ్ ముద్రలో పడిపోవచ్చు. ముఖ్యమైన కబురు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఆ రక్షణ స్థాయిని తగ్గించి ఉంచుకోండి.

వాట్సాప్ సంగతి తేలిక. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కిందికి వెళితే ‘బ్లాక్డ్ కాంటాక్ట్స్’; పేరును నొక్కి అన్‌బ్లాక్ చేయడమే. ఇక్కడ తీసినంత మాత్రాన మామూలు ఫోన్ కాల్స్ రావు, అక్కడ తీసినంత మాత్రాన వాట్సాప్ కాల్స్ రావు. అన్‌బ్లాక్ చేసిన సంగతి అవతలివారికి సందేశంగా వెళ్లదు. బ్లాక్‌లో ఉన్న రోజుల్లో వాళ్లు పంపిన మెసేజీలు, ఫోటోలు ఆ తర్వాత కూడా మీకు రావు, అందుకే పెద్దమ్మ వాట్సాప్‌లో కూడా బ్లాక్‌లో పడిన రమణయ్య మామ కొడుకును, అంటే మా బావను, ఆ మూడు నెలల్లో పంపిన పిల్లల ఫోటోలన్నీ మళ్లీ పంపమని అడగవలసి వచ్చింది.

జాబితాల్లో ఎక్కడా లేదు, అయినా మోగడం లేదు

ఇప్పుడు చూడవలసినవి బ్లాక్‌లు కావు, బ్లాక్‌లా పనిచేసే స్విచ్‌లు. ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ అనే ఏర్పాటు ఉంది, కొత్త వెర్షన్లలో దాని పేరు వేరుగా ఉండవచ్చు. అది వేసి ఉంటే సేవ్ చేయని నంబర్ల కాల్స్ మోగకుండా రీసెంట్స్‌లో మాత్రమే కనిపిస్తాయి. వాట్సాప్‌లో కూడా ప్రైవసీ కింద కాల్స్ విభాగంలో అదే పేరుతో ఇలాంటిది ఉంది. ఆండ్రాయిడ్‌లో బ్లాక్ జాబితా తెరిచిన చోటే, పైభాగాన, నంబరు కనిపించని కాల్స్‌ను ఆపే స్విచ్ ఒకటి ఉంటుంది. పాత రెడ్‌మీ బ్లాక్‌లిస్ట్‌లోనైతే సేవ్ చేయని నంబర్లన్నిటినీ ఆపే ఏర్పాటు కూడా ఉండేది.

డు నాట్ డిస్టర్బ్ గుర్తు తెర పైన ఉందేమో చూడండి. పిల్లలు ఆటలాడుకుని ఫోన్ తిరిగి ఇచ్చినప్పుడు ఇది వేసి ఉండటం మామూలే. ఒకే ఒక్క మనిషి కాల్ మోగకపోతే, గూగుల్ కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి మూడు చుక్కలు నొక్కండి: కాల్స్‌ను వాయిస్‌మెయిల్‌కు మళ్లించే మాట అక్కడ ఉంటుంది, అది పెట్టి ఉంటే తీసేయండి. ఏ జాబితా వెతికినా దొరకని చిక్కు ఒక్కోసారి ఇక్కడ దొరుకుతుంది.

ఏ నంబరు నుంచి చేసినా కాల్ రాకపోతే సిమ్ స్థాయిలో కాల్ బారింగ్, అంటే కాల్స్‌ను మొత్తంగా ఆపే ఏర్పాటు, వేసి ఉండవచ్చు. గూగుల్ ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్, కాలింగ్ అకౌంట్స్, మీ సిమ్ పేరు, ఆ తర్వాత కాల్ బారింగ్ అన్న వరుసలో ఇన్‌కమింగ్ కాల్స్ ఎదురుగా ఉన్న స్విచ్‌ను చూడండి. తీయడానికి పాస్‌వర్డ్ అడిగితే ఊహించి కొట్టకుండా మీ సిమ్ సంస్థ కస్టమర్ కేర్‌ను అడగడం మేలు. ఇక 1909 ద్వారా నమోదు చేసుకునే డీఎన్‌డీకి దీనితో సంబంధం లేదు. అది ప్రచార కాల్స్‌ను, ప్రచార మెసేజీలను తగ్గించడానికే, ఇంటివాళ్ల ఫోన్‌ను అది ఆపదు.

ఈ పనులలో దేనికీ కొత్త యాప్ వేసుకోనక్కర లేదు, సెల్ షాపులో డబ్బు ఇవ్వనక్కర లేదు, ఓటీపీ అసలే అక్కర లేదు. “మీ నంబర్ ట్రాయ్ బ్లాక్ చేసింది, తీయడానికి తొమ్మిది నొక్కండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం. మొబైల్ కనెక్షన్లు తీసేస్తామని తాము ఎవరికీ ఫోన్ చేయబోమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ స్వయంగా ప్రకటించింది.

తీసిన తర్వాత

నంబరును బయటికి తీయగానే వాళ్లనే ఒకసారి చేయమని చెప్పి, ఫోన్ మీ ఎదుట మోగేదాకా ఆగండి. మోగిన తర్వాత ఆ నంబరుకు పేరు పెట్టి సేవ్ చేయండి. సేవ్ చేసిన నంబరు పేరుతో కనిపిస్తుంది కాబట్టి పెద్దవాళ్లు కంగారుపడి ఎర్ర మీట నొక్కే అవకాశం తగ్గుతుంది. కాల్ ముగిశాక తెర మీద పెట్టె తేలే ఏర్పాటును, దాన్ని చూపించే యాప్ సెట్టింగ్స్‌లో ఆపేయగలిగితే వాళ్ల ఫోన్‌లో ఆపేయండి, అసలు తగాదా అక్కడే మొదలవుతోంది.

పెద్దమ్మ ఫోన్‌లో ఆస్పత్రి నంబరును “కంటి ఆస్పత్రి తిరుపతి” అని తెలుగులో సేవ్ చేసి, దానికి విడిగా గుడి గంట రింగ్‌టోన్ పెట్టాను. ఆ నంబరునే క్యాలెండరు వెనక బాల్‌పెన్నుతో పెద్ద అంకెలలో రాయించుకుంది. పదమూడు రోజుల తర్వాత, పొద్దున తొమ్మిదిన్నరకు, గంట మోగింది.